ఓడినవాళ్ళ వరస

బంతి నెట్ మీదుగా మెత్తగా వెళ్ళి ఎదుటామె కుడిచేతికి అందే చోట, సరిగ్గా నడుమెత్తున లేచింది. పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టుగా ఉంది. ఎదుటామె కొట్టింది. ఆట అయిపోయింది.

అక్కచెల్లెళ్ళలో పెద్దది రాకెట్ చంకన పెట్టుకుని నెట్ దగ్గరికి నడిచింది. ఎదుటామెతో చెయ్యి కలిపింది. అంపైరుతో కలిపింది. క్వాలిఫైయింగ్ ఆటలకు, అంటే అసలు టెన్నిస్ పోటీలో చోటు కోసం ముందుగా ఆడే ఆటలకు, ఇచ్చిన ఆ కోర్టు హాలుకు ఒక మూల ఉంది. చూసేవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. పైన రేకుల కప్పు, కప్పు నిండా లావుపాటి గొట్టాలు, వాటిలోంచి చలిగాలి హోరు. కిటికీ అన్నది లేదు. బయట ఎండో వానో లోపలివాళ్ళకు తెలియదు.

తండ్రి బెంచీ దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

"అంత ముఖ్యమైన బంతి తీసుకెళ్ళి దాని చేతిలో పెట్టావు," అన్నాడు.

"చెయ్యి అలా వెళ్ళిపోయింది నాన్నా."

"ఎలా వెళ్ళిపోతుంది? నీ చెయ్యి కాదూ?"

ఆ చెయ్యి ఏళ్ళ తరబడి చెల్లెలికి బంతులు వేసిన చెయ్యి. చిన్ని కుడివైపు దెబ్బ కుదరాలంటే అక్క నడుమెత్తున బంతి వెయ్యాలి. ఇంకోటి వెయ్యాలి. చిన్ని చాలనేదాకా వెయ్యాలి. ఒళ్ళు అలిసి బుర్ర పనిచెయ్యడం మానేస్తే చెయ్యి తనకు అలవాటైన పనే చేస్తుంది. పొద్దున తన ఆట ఉందని తెలిసి కూడా నిన్న సాయంత్రం చీకటిపడేదాకా చిన్నికి బంతులు వేసింది. మూడో సెట్టుకు కాళ్ళు రాళ్ళయ్యాయి. ఈ మాట తండ్రితో అనొచ్చు. అంటే సాకులంటాడు.

"మొహం కడుక్కుని రా. చిన్నికి పక్కహాల్లో కోర్టు దొరికింది," అన్నాడు తండ్రి. "నువ్వే కొట్టాలి. ఇంకెవరున్నారు మనకి?"

"కాసేపు కూర్చుంటాను నాన్నా."

"కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయి. ఆడుతూ ఉంటేనే మంచిది."

అతన్ని మంచి తండ్రి అని నలుగురూ అంటారు. కూతురి ఆట కోసం ఉద్యోగం వదిలేశాడని పత్రికలో కూడా వచ్చింది. ఏ కూతురి కోసమని పత్రికవాళ్ళు అడగలేదు.

బట్టలు మార్చుకునే గదికి వెళ్ళే దారిలో సూపర్‌వైజరు ఎదురైంది. పొట్టి మనిషి. మెడలో కార్డు, నడుముకు వాకీటాకీ. పోటీ నడిపేది ఆమే. పలకరింపులు తక్కువ.

"ఆఖరి రౌండులో ఓడినవాళ్ళలో మీ ర్యాంకే పైన ఉంది," అంది. "వరసలో మీరే మొదలు. రోజూ ఆట మొదలుకాకముందే వచ్చి సంతకం పెట్టండి. పిలిచినప్పుడు ఈ హాల్లో ఉండాలి. లేకపోతే మీ వెనకామెకు పోతుంది."

అసలు పోటీలో ఆడాల్సినవాళ్ళెవరైనా జ్వరమొచ్చో కాలు పట్టేసో తప్పుకుంటే, క్వాలిఫైయింగ్ చివర్లో ఓడినవాళ్ళలోంచి ఒకరిని ఆ ఖాళీలో ఆడనిస్తారు. లక్కీ లూజర్ అంటారు. ఆ పేరు పెట్టినవాడు జన్మలో ఎప్పుడూ ఓడి ఉండడని పెద్దదాని నమ్మకం. ఇంత పెద్ద పోటీలో, దీపాల కింద, జనం ముందు ఉండే ఆ నడిమి కోర్టులో ఆమె ఇంతవరకూ ఒక్క బంతి కొట్టలేదు. ముప్పై దాటాయి. ర్యాంకు జారిపోతోంది. వచ్చే ఏడు క్వాలిఫైయింగ్‌కి కూడా రానివ్వరు.

"సంతకం పెడతాను," అంది.

పక్కహాల్లో చిన్ని అప్పటికే అటూ ఇటూ గెంతుతోంది. పుట్టుకతోనే స్థిమితం లేని పిల్ల. అక్కను చూసి ఆగింది.

"పోయిందా?"

"పోయింది."

"మూడో సెట్టా?"

"ఊఁ."

"దాని మొహం నాకు ముందే నచ్చలేదు," అంది చిన్ని. ఓదార్చడం ఆమెకు అంతకంటే రాదు.

తండ్రి బుట్టెడు బంతులు పెద్దదాని పక్కన పెట్టాడు. "ఎత్తు బంతులు వెయ్యి. వెనక్కి పరిగెత్తించు. ఎల్లుండి అవతలామె వేసేవి అవే." పెద్దది వేసింది. చిన్ని వెనక్కి పరిగెత్తి కొట్టింది. కొట్టినవి అవతల పడ్డాయి, అందనివి వెనక తెరకు తగిలి దొర్లుకుంటూ చిన్ని వెనకే ఆగాయి. బుట్ట సగమయ్యేసరికి చిన్ని వెనక నేలంతా పసుపుపచ్చగా ఉంది.

"నాన్నా, దాని వెనక బంతులు పడున్నాయి. ఏరి వేస్తాను."

"ఏరుకోడానికి వచ్చామా? కోర్టు గంటకే ఇచ్చారు. వెయ్యి."

"కాళ్ళ కింద పడతాయి."

"దానికి కళ్ళున్నాయిగా. వెయ్యమన్నానా?"

వేసింది. చిన్ని మొహం పైకెత్తి, బంతినే చూస్తూ వెనక్కి వెనక్కి వెళ్ళింది. కుడికాలు ఒక బంతి మీద పడింది. చీలమండ పక్కకు తిరిగింది. పెద్దది ఉన్నచోటికి ఆ చప్పుడు వినిపించింది. తడికట్టె విరిచిన చప్పుడు.

తండ్రి పరిగెత్తుకెళ్ళాడు. వంగేముందు అటూ ఇటూ చూశాడు. పక్క కోర్టులో ఇద్దరు తమ ఆటలో తామున్నారు.

"లే. లేచి నడు. పడుకుంటే అందరూ చూస్తారు."

"నడుస్తా నాన్నా. పల్లకీ ఏం తేనక్కర్లేదు," అంది చిన్ని. నవ్వబోయింది. రెండడుగులు వేసి అక్క భుజం పట్టుకుంది. ఆ పట్టులో ఉంది అసలు సంగతి.

హోటలు గదిలో పెద్దది ఐసు ముక్కలు తువ్వాల్లో చుట్టి చీలమండ చుట్టూ పెట్టింది. గదిలో రెండు మంచాలు. వాటి మధ్య మడతమంచం. మడతమంచం ఎవరిదో చెప్పక్కర్లేదు.

"ఫిజియోకి చూపిద్దాం," అంది పెద్దది.

"చూపిస్తే అరగంటలో అవతలామె చెవిన పడుతుంది," అన్నాడు తండ్రి. "రాకెట్ల కంపెనీ మనిషి ఎల్లుండి వస్తున్నాడు. చిన్ని మీద డబ్బు పెట్టేముందు ఆట చూడ్డానికే వస్తున్నాడు. కాలు బెణికిందని ఇంట్లో కూర్చుంటే మళ్ళీ మన గుమ్మం తొక్కుతాడా? ఎల్లుండికి తగ్గిపోతుంది. పట్టీ వెయ్యడం నీకొచ్చుగా."

వచ్చు. చిన్ని కాలికి పట్టీలు ఎప్పుడూ ఆమే వేస్తుంది. ఆ కాలు ఆమెకు తన కాలికంటే బాగా తెలుసు. వాపు బొటనవేలితో నొక్కి చూసింది. వేలు తీశాక గుంట నిలిచిపోయింది.

అప్పుడొచ్చింది ఆలోచన. పిలవకుండానే వచ్చింది. చిన్ని తప్పుకుంటే ఆ ఖాళీ తనదే.

తువ్వాలు మళ్ళీ చుట్టింది. చేతులు కడుక్కుంది. ఆలోచన మాత్రం ఎక్కడికీ పోలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి సంతకం పెట్టి ఆటగత్తెల విశ్రాంతి గదిలో కూర్చుంది. మెత్తటి సోఫాలు, గోడకు టీవీలు, గాజుగిన్నె నిండా అరటిపళ్ళు. టీవీల్లో ఏ కోర్టులో ఎవరు ఆడుతున్నారో మారుతూ ఉంటుంది. కప్పుకు బిగించిన స్పీకరు గరగరలాడినప్పుడల్లా పెద్దది తలెత్తేది. ఎవరి కారో వచ్చిందని పిలిచేవాళ్ళు. ఎవరి రాకెట్లకో తీగలు కట్టడం అయిందనేవాళ్ళు.

వరసలో ఆమె తర్వాత ఉన్నది ఒక బక్కమ్మాయి. ఆ పిల్ల పొద్దున్నించీ అరటిపళ్ళు తింటూనే ఉంది.

"ఎవరికైనా ఏమైనా అయిందా అక్కా?" అని అడిగింది వచ్చి కూర్చుంటూ.

"తెలీదు."

"ఇందాక ఒకామె తెగ దగ్గుతోంది. పాపం అని మంచినీళ్ళిచ్చాను. మళ్ళీ దగ్గితే ఒట్టు. నా ఖర్మ."

పెద్దదానికి నవ్వొచ్చింది.

"ఆస్పత్రి బయట కూర్చునేవాళ్ళు లోపలున్నవాళ్ళకు నయం కావాలని మొక్కుకుంటారు," అంది బక్కమ్మాయి తొక్క ఒలుస్తూ. "మనమేమో ఇలాగ. మనకు పుట్టగతులుండవక్కా." ఇంత పండు కొరికి నమిలింది. "మీ చెల్లెలు రేపేగా ఆడేది? నిన్న కుంటుతున్నట్టు అనిపించింది."

"షూ కొత్తది. కరుస్తోంది," అంది పెద్దది.

అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. ఎవరి కోసం ఆడిందో అర్థం కాలేదు. చెల్లెలి కోసమా, తండ్రి కోసమా, లేక తను ఎదురుచూస్తున్నది ఏమిటో ఎవరికీ తెలియకూడదనా?

లేచింది. వ్యాయామం గదిలోకి వెళ్ళి ఒళ్ళు వేడెక్కేదాకా పరిగెత్తింది. చెమట పట్టింది. తిరిగొచ్చి కూర్చుంటే గొట్టాల చలికి చెమట ఆరిపోయింది. ఇప్పుడు పిలిస్తే ఒళ్ళు బిగుసుకుని ఉంటుందని మళ్ళీ వెళ్ళి పరిగెత్తింది. రాకెట్ తీగలు అరచేత్తో తట్టి చూసింది. ఒక తీగ సద్దు తేడాగా ఉందనిపించి, తీగలు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన మీటి చూసి "బాగానే ఉందమ్మా, నీకే బాలేదు," అన్నాడు. మళ్ళీ సోఫా. మళ్ళీ స్పీకరు. ఎవరికో కారు.

సాయంత్రం హోటలుకు వెళ్ళేసరికి తండ్రి కిందికి ఫోను మాట్లాడ్డానికి వెళ్ళి ఉన్నాడు. చిన్ని మంచం మీద కాలు దిండెక్కించి పడుకుంది. చీలమండ ఎముక కింద వంకాయ రంగు తిరిగింది. పెద్దది బొటనవేలు ఆనించింది. చిన్ని ఊపిరి బిగబట్టింది.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"నిజం చెప్పు."

"నువ్వే చెప్పక్కా," అంది చిన్ని. "నాకు నొప్పి తప్ప ఏం తెలియట్లేదు. పొద్దున్నించీ నాన్న తగ్గింది తగ్గింది అంటుంటే నిజంగానే తగ్గిందేమో అనిపిస్తోంది. నువ్వు చూస్తావుగా రోజూ. నువ్వు మానెయ్యమంటే మానేస్తా."

పెద్దది నోరు తెరిచింది. ఆడొద్దు. చెప్పాల్సింది అంతే. ఆ మాట నాలిక మీదికొచ్చి ఆగిపోయింది. చెప్పేది అక్కా, వరసలో మొదట కూర్చున్నదా? ఇద్దరూ అనేది ఒకే మాట. ఏ నోటితో అంటోందో ఆమెకే తెలియనప్పుడు చిన్నికేం తెలుస్తుంది? రేపు తను ఆడి, చిన్ని ఇక్కడ పడుకుని టీవీలో చూస్తే, ఏళ్ళు గడిచాక ఎప్పుడో చిన్నికి అనుమానం రాదూ?

"పొద్దున చూద్దాం," అంది.

చిన్ని మొహం గోడవైపు తిప్పుకుంది.

పొద్దున సూపర్‌వైజరు బల్ల దగ్గర పెద్దది ముందుగా నిలబడింది. ఒక నిర్ణయానికి వచ్చి నిలబడింది. పేరు కొట్టేయించుకుంటుంది. అప్పుడు ఆమెకు ఇందులో లాభం ఉండదు. లాభం లేని నోటితో ఆడొద్దని చెబుతుంది. తండ్రి కూడా ఏమీ అనలేడు.

"సంతకమా?" అంది సూపర్‌వైజరు కాగితం తోస్తూ.

"పేరు కొట్టేయించుకోవచ్చా?"

"కొట్టెయ్యొచ్చు. మళ్ళీ రాయడం మాత్రం కుదరదు." కళ్ళెత్తి చూసింది. "ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

"మరి?"

పెద్దది కలం పట్టుకుంది. చిన్ని మంచం కోసం మడతమంచం వేసుకుంది. చిన్ని ఆట కోసం తన ఆట పాడుచేసుకుంది. ఇప్పుడు చూసినదాన్ని చూసినట్టు చెప్పడానికి కూడా ముందు తనను తాను కొట్టేసుకోవాలి. అలా అని ఎవరు పెట్టారు రూలు? తండ్రి పెట్టలేదు. ఈ ఒక్కటీ ఆమె తనంతట తానే పెట్టుకుంది. తన మీద తనకే అంత కోపం రావడం కొత్తగా ఉంది.

సంతకం పెట్టింది.

"ఇక్కడే ఉంటాను," అంది.

నడిమి కోర్టు వెనక ఒక సామాన్ల గది ఉంది. చుట్టిపెట్టిన నెట్లు, ఒకదానిమీద ఒకటి ఎక్కించిన ప్లాస్టిక్ కుర్చీలు. తండ్రి ఒక కుర్చీ దించి చిన్నిని కూర్చోబెట్టాడు. తలుపు మూశాడు. పట్టీ చుట్ట పెద్దదాని చేతికిచ్చాడు.

"కానీ. బిగువుగా వెయ్యి. నాలుగు గేములు నిలబడితే చాలు. కంపెనీ ఆయన పైన కూర్చునే ఉన్నాడు. ఆ తర్వాత నొప్పి అంటే అర్థం చేసుకుంటాడు."

పెద్దది మోకాళ్ళ మీద కూర్చుని చిన్ని పాదం ఒళ్ళో పెట్టుకుంది. పట్టీ కొస లాగి పాదం కింద నుంచి ఒక చుట్టు వేసింది. వాపు మీదికి రాగానే ఆగింది. వేసిన చుట్టు విప్పింది. పట్టీ తిరిగి చుట్టచుట్టి నేల మీద పెట్టింది.

"నేను వెయ్యను."

"ఏమిటీ?"

"కాలు బాలేదు నాన్నా. దీంతో పరిగెత్తితే నరం తెగుతుంది. అది ఆడకూడదు."

తండ్రి నవ్వాడు.

"అదీ సంగతి. పొద్దున్నే వెళ్ళి పేరు రాయించుకుని గోతికాడ నక్కలా కూర్చున్నది ఇందుకన్నమాట. చెల్లెలి నోటికాడ కూడు లాక్కోడానికి సిగ్గెయ్యట్లేదూ నీకు?"

"వేస్తోంది," అంది పెద్దది. లేచి నిలబడింది. "నాకు ఆడాలని ఉంది. మొన్నట్నించీ ఇదొక్కటే కోరుకుంటున్నాను. అన్నం సహించనంతగా కోరుకుంటున్నాను. దాని కాలూ బాలేదు. రెండూ నిజమే. నీకు నచ్చింది నమ్ముకో. పట్టీ మాత్రం నేను వెయ్యను."

గోడ అవతల జనం చప్పట్లు కొట్టారు. అంతకుముందు ఆట అయిపోయినట్టుంది.

తండ్రి వంగి పట్టీ తీశాడు. తనే కింద కూర్చుని చిన్ని పాదం పట్టుకున్నాడు. అంత ఆట నేర్పినవాడికి పట్టీ ఎటునుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. పైనుంచి మొదలుపెట్టి కిందికి లాగాడు. చిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాన్నా, వదులు," అంది.

"ఒక్క నిమిషం ఓర్చుకో."

"వదలమంటున్నానా." పాదం వెనక్కి లాక్కుంది. పట్టీ తనే పీకి పారేసి అక్క వైపు తిరిగింది. "నిన్న అడిగితే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పేది నేనో, లిస్టులో ఉన్నదో నాకే తెలియలేదు."

"ఎవరైతే నాకేమిటే? కాలు నాది," అంది చిన్ని. గొంతులో నిజమైన కోపం ఉంది. "రాత్రంతా పైకప్పు చూస్తూ పడుకున్నా. అక్క ఏం అనలేదంటే బాగానే ఉన్నట్టుంది, నేనే పిరికిదాన్నని అనుకున్నా. నీ మంచితనం నీ దగ్గరే పెట్టుకో. నాకు అక్కర్లేదు."

చిన్ని అక్క చెయ్యి పట్టుకుని లేచింది. ఒంటికాలి మీద గెంతుకుంటూ తలుపు తీసింది.

"చిన్నీ, కంపెనీ ఆయన..." అన్నాడు తండ్రి.

"ఆయన్నే ఆడమను," అంది చిన్ని.

సూపర్‌వైజరు డాక్టరును పిలిపించింది. డాక్టరు చీలమండ చూసి తల అడ్డంగా ఆడించడానికి ఎంతోసేపు పట్టలేదు. స్పీకరు గరగరలాడి ఈసారి పెద్దదాని పేరు పిలిచింది. విశ్రాంతి గదిలో బక్కమ్మాయి తల ఎత్తి, విని, సగం తిన్న పండు గిన్నె పక్కన పెట్టేసి ఉంటుంది. చిన్నిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. తోసుకెళ్తుంటే వెనక్కి తిరిగి, "నా నీళ్ళ సీసాల్లో ఉప్పూ పంచదారా కలిపే ఉన్నాయి, తీసుకెళ్ళు," అంది. కోపం మాత్రం తగ్గలేదు.

పెద్దదానికి ఇచ్చిన వ్యవధి కొంచెం. బట్టలు మార్చుకుని, ఉన్నచోటే గెంతి ఒళ్ళు కదిలించుకుని వచ్చేసరికి తండ్రి ద్వారం దగ్గర ఆమె సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో ఇందాకటిది ఏదీ లేదు. దీపం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చినంత తేలిగ్గా మారిపోయాడు.

"విను. ఈమెకు ఎడమవైపు బలహీనం. మొదట్నించీ అటే వెయ్యి. రెండో సర్వీసుకు లోపలికి నడు, భయపడకు. కంపెనీ ఆయనతో మాట్లాడాను. పెద్దమ్మాయి కూడా చూడదగ్గదేనండీ అన్నాను. సరే చూస్తానన్నాడు. నేను మూల కుర్చీలో ఉంటాను. నా వైపు వచ్చినప్పుడల్లా నా చెయ్యి చూడు."

ఆమె సంచీ కోసం చెయ్యి చాపింది. అతను ఇవ్వలేదు. "నేను తెస్తాగా," అన్నాడు.

సూపర్‌వైజరు ద్వారం దగ్గర ఒక పాసు పట్టుకుని ఉంది. కోర్టు మూలన కోచ్ కూర్చునే కుర్చీది అది. అక్కడ కూర్చున్నవాళ్ళకు ఆటగత్తెతో మాట్లాడే వీలుంటుంది.

"ఇది ఎవరికి?"

తండ్రి అప్పటికే చెయ్యి ముందుకు పెట్టాడు.

"ఎవరికీ వద్దండి," అంది పెద్దది.

"నాకేనండీ. నేను తండ్రిని," అన్నాడు.

"ఆడేవాళ్ళు చెప్పాలండీ," అంది సూపర్‌వైజరు. పెద్దదాని వైపు చూసింది.

"చెప్పాను కదండీ. ఎవరికీ వద్దు."

తండ్రి చెయ్యి అలాగే ఉంది. వెనక్కి తీసుకోవడం మర్చిపోయినట్టుంది.

"మరి నేనెక్కడ కూర్చోవాలే?"

"పైన బోలెడు కుర్చీలున్నాయి నాన్నా," అంది. అతని భుజం మీది పట్టీ తప్పించి సంచీ తనే వేసుకుంది.

లోపల అంత వెలుతురు ఆమె అనుకోలేదు. బంతి నీడ కూడా నేల మీద కనిపించనంత వెలుతురు. చిన్ని పేరున్న పలక ఇంకా మార్చలేదు. ఎదుటామె చిన్ని కోసం సిద్ధపడి వచ్చింది. ఎవరీ కొత్తామె అన్నట్టు నెట్ అవతలినుంచి చూసింది. బంతులు వేసుకుని ఒళ్ళు వేడి చేసుకున్నారు. మూల కుర్చీ ఖాళీగా ఉంది. నీలం ప్లాస్టిక్ కుర్చీ.

అంపైరు టైమైందంది. మొదటి సర్వీసు పెద్దదానిదే. బంతి నేలకు కొడుతూ గీత దగ్గర నిలబడింది.

"ఎడమకి," అని పైనుంచి కేక. "ఎడమకి వెయ్యి."

ఆమె చెయ్యి ఆగింది. బంతి పట్టుకుంది.

అంపైరు మైకు దగ్గరికి వంగింది. "పైన నిలబడిన పెద్దాయన దయచేసి కూర్చోవాలి. ఆటగత్తెతో మాట్లాడకూడదు."

ఎదుటామె తలెత్తి చూసింది. బంతులందించేవాళ్ళు చూశారు. జనం మొత్తం ఆ పెద్దాయన ఎవరా అని మెడలు తిప్పి చూశారు. అతను కూర్చునేదాకా హాలంతా ఆగింది.

పెద్దది చూడలేదు. ఇంకోసారి బంతి నేలకు కొట్టి పైకి ఎగరేసింది.